గీతల్లోనే ఉంది న్యాయం

సుద్దముక్క తీసుకుని అరుగు మీద ముందు ఒక చుక్క పెట్టాలి. అదే కొన. అక్కడి నుంచి నాలుగు గీతలు విప్పారేలా కిందికి దించి, వాటి చివర్లను ఒక గీతతో కలపాలి. నడుమ మూడు అడ్డగీతలు లాగి, రెండు పక్కలా కాస్త బయటికి సాగదీసి, ఆ చివర్లను నిలువు గీతలతో మూసేయాలి. లెక్కపెడితే 23 కూడళ్లు. చింతపిక్కలు 15 మేకలు, పెద్ద రాళ్లు 3 పులులు. కృష్ణా డెల్టా పల్లెల్లో పెద్దవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేని పులి-మేక ఇదే.

పులులు ముందే పైభాగంలో కూర్చుంటాయి. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. పదిహేనూ దిగేదాకా దిగిన మేక కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరుగుతుంది. పక్కనున్న మేక మీదుగా, అదే గీతలో అవతలి ఖాళీ కూడలికి దూకిందంటే మేక పోయినట్టే. మూడు పులులకూ కదలడానికి దారి లేకుండా కట్టేస్తే మేకలదే గెలుపు.

ఒకటి చంపగలదు, ఇంకొకటి చంపలేదు. అయినా ఆట ఏకపక్షం కాకుండా కాపాడేది గీత. చివరి కూడళ్లు చూడండి: కొన, పక్కల నాలుగు మూలలు, అడుగున రెండు మూలలు. అక్కడ గీత ఆగిపోతుంది కనుక వాటి మీదుగా పులి దూకలేదు. ఆ ఏడూ మేకలకు కోటలు. అదే మూలకు పులి చేరితే చిక్కుతుంది: పక్క కూడళ్లు రెండు, వాటి అవతలివి రెండు, మొత్తం 4 మేకలతో కట్టేయొచ్చు. కొన మీదున్న పులికి 8 కావాలి. అందుకే ఆరితేరినవాడు పులిని తరమడు, అంచుల వైపు ఒత్తుకుంటూ పోతాడు.

నేపాల్ బాఘ్ చాల్ దీని చుట్టమే. అందులో 25 కూడళ్లు, 4 పులులు, 20 మేకలు. ఇద్దరూ తప్పు చేయకపోతే ఆ ఆట డ్రా అవుతుందని కంప్యూటర్లతో తేల్చారు.

గీతలే ఆటను సరితూచాలన్న ఈ సూత్రం ఆన్‌లైన్‌లో ప్రపంచాన్ని జయించే ఆటలకూ వర్తిస్తుంది. వాటికి పెద్దన్న లాంటి రిస్క్ అనే బోర్డు ఆటను ఫ్రెంచ్ దర్శకుడు ఆల్బెర్ లామోరిస్ రూపొందించాడు. 1957లో అది వచ్చింది. అందులో ఆస్ట్రేలియాకు 4 ప్రాంతాలు, లోపలికి ఒక్కటే దారి. అందుకే దాన్ని పట్టినవాడికి అదనపు దళాలు 2 మాత్రమే. ఆసియాకు 12 ప్రాంతాలు, నాలుగు వైపులా వాకిళ్లు. అందుకే 7. కాపాడుకోవడం ఎంత కష్టమో బహుమతి అంత.

ఈ కళ్లతో మన డెల్టానే అలాంటి ఆటకు మ్యాపుగా గీయండి. హైదరాబాద్, చెన్నై, విశాఖ, బందరు దారులన్నీ కలిసే బెజవాడ పులి కూర్చునే చోటు. ఎటైనా దూకొచ్చు, ఎటునుంచైనా దెబ్బ తగలొచ్చు. కృష్ణ పాయల మధ్య, సముద్రపు ఒడ్డున ఉన్న దివిసీమ మేక కోట. దానికి ఎన్ని వంతెనలు గీస్తే అన్ని వాకిళ్లు. సొంతూరి మీద మమకారంతో బెజవాడకు నాలుగు దళాలు ఎక్కువిచ్చారో, ఆట అక్కడే చెడుతుంది.

మ్యాపు సరితూగిందో లేదో తెలుసుకునే పద్ధతి కూడా అరుగు మీదే ఉంది. ఒక ఆట పులులతో, మరో ఆట మేకలతో ఆడండి. ఎటు కూర్చున్నా ఓడిపోయే భయం ఉందా? అయితే గీతలు సరిగ్గా పడ్డట్టే.