నూటికి 87: ఒక ప్రసిద్ధమైన లెక్కపై విమర్శ

వ్యక్తిగత సమాచార రక్షణను గూర్చి వ్రాసిన వ్యాసములలో ఒక వాక్యము మాటిమాటికి కనబడుచుండును. పుట్టినతేది, స్త్రీయో పురుషుడో అను వివరము, నివాసపు తపాలా సంఖ్య, ఈ మూడును తెలిసినచో అమెరికా ప్రజలలో నూటికి 87 మందిని పేరు లేకయే గుర్తుపట్టవచ్చునని ఆ వాక్యము. ఉపన్యాసకులు దీనిని చెప్పుదురు, పత్రికలు అచ్చువేయును. ఆ లెక్క ఎట్లు వచ్చినదని అడిగినవారు మాత్రము తక్కువ. హైస్కూలు విద్యార్థికి తెలిసిన గణితముతోనే దానిని పరీక్షింపవచ్చును గనుక ఆ పని ఇచ్చట చేయుదము.

ముందు కథ చెప్పవలెను. 1990 తరువాతి సంవత్సరములలో మసాచూసెట్స్ రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య భీమాను నిర్వహించు సంస్థ, సుమారు 1,35,000 మంది వైద్య వివరములను పరిశోధకులకు ఇచ్చినది. పేర్లు, చిరునామాలు తొలగించితిమి గనుక ఎవరికిని హాని లేదని ఆ సంస్థ భావించినది. కాని పుట్టినతేది, లింగము, తపాలా సంఖ్య అట్లే ఉంచబడినవి. అప్పుడు మసాచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున విద్యార్థినిగా ఉన్న లటాన్యా స్వీనీ 20 డాలర్లు చెల్లించి కేంబ్రిడ్జి పట్టణపు ఓటర్ల జాబితా కొనెను. అందులో పేర్లతోపాటు ఆ మూడు వివరములును కలవు. రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ ఆ పట్టణవాసి. ఆయన పుట్టినతేదియే గలవారు జాబితాలో ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఆయన తపాలా సంఖ్య గలవాడు ఒక్కడే. అంతటితో గవర్నరుగారి వైద్య వివరములు ఆమె చేతికి వచ్చినవి.

పేరు తీసివేసినంత మాత్రమున మనిషి దాగడు అను సంగతిని ఇంత తేటగా చూపిన ప్రయోగము అంతకుముందు లేదు. 2003లో అమెరికాలో అమలునకు వచ్చిన వైద్య సమాచార నిబంధనలు, తపాలా సంఖ్యలో మొదటి మూడంకెలను మాత్రమే, అదియు 20,000కు మించిన జనాభాగల ప్రాంతములకే ఉంచవలెననియు, తేదీలలో సంవత్సరము మాత్రమే చూపవలెననియు ఒక మార్గమును నిర్ణయించినవి. ఆ జాగ్రత్త వెనుక స్వీనీ పని కలదు. ఈ గౌరవమును తగ్గించుట నా ఉద్దేశము కాదు.

ఇక లెక్క. 2000లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన పత్రములో స్వీనీ 1990 జనాభా లెక్కలను తీసికొని, ఒక్కొక్క తపాలా ప్రాంతములో ఒక్కొక్క వయోవర్గమునకు ఎన్ని ‘గదులు’ ఉన్నవో లెక్కించెను. ఉదాహరణకు ఏడు సంవత్సరముల వయోవర్గమునకు 365 రోజులు, 7 సంవత్సరములు, 2 లింగములు కలిసి 5,110 గదులు. ఆ వర్గములోని జనము ఈ సంఖ్యకు మించనిచో, అందరును ఒంటరిగా గుర్తింపదగినవారే అని ఆమె పరిగణించెను. పావురములు గూళ్లకంటె ఎక్కువైనచో ఏదో ఒక గూటిలో రెండు పడక తప్పదు అను సూత్రము మనకు తెలిసినదే. ఇచ్చట దానిని తలక్రిందులుగా వాడుట జరిగినది. పావురములు తక్కువైనంత మాత్రమున ఒక్కొక్కటి ఒక్కొక్క గూటిలో ఉండునా?

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే తేల్చవచ్చును. 365 మంది ఉన్నారనుకొనుడు. రోజులు 365. నా పుట్టినరోజు మరెవ్వరికిని కాకుండుటకు తక్కిన 364 మందిలో ప్రతివాడును వేరే రోజున పుట్టవలెను. ఒక్కొక్కరికి ఆ అవకాశము 364/365. దానిని 364 సార్లు గుణించినచో వచ్చునది సుమారు 0.37. అనగా స్వీనీ కొలతలో నూటికి నూరుగురు ఒంటరివారైన చోట, నిజముగా ఒంటరివారు 37 మందియే. నలుబదిమంది తరగతిలోనైతే సుమారు 36 మంది తమ పుట్టినరోజునకు తామే యజమానులు. అయినను ఆ తరగతిలో ఏ ఇద్దరికో పుట్టినరోజు కలియు అవకాశము నూటికి 89! ఈ రెండు మాటలును ఏకకాలమున నిజములగుట విద్యార్థులకు వింతగా తోచును. నేను చిన్నప్పుడు దీనిని నమ్మలేదు.

2006లో ఫిలిప్ గోల్ అను పరిశోధకుడు ఇట్టి సంభావ్యతా గణనముతోనే లెక్కను మరల చేసెను. 1990 జనాభాకు నూటికి 61, 2000 జనాభాకు నూటికి 63 వచ్చినవి. 87 ఎక్కడ, 61 ఎక్కడ! అయినను 61 అల్పము కాదు. పదిమందిలో ఆరుగురిని గుర్తించుట చాలును, ప్రమాదము ప్రమాదమే. నా ఫిర్యాదు పరిశోధకురాలిపై కంటె, సవరణ వచ్చి ఇన్నేండ్లైనను పాత అంకెనే వల్లించువారిపై.

గవర్నరు కథకును ఒక లోపము కలదు. 2012లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేనియల్ బార్త్-జోన్స్ దానిని ఎత్తిచూపెను. కేంబ్రిడ్జి జనాభా లక్షకు కొంచెము తక్కువ. ఓటర్ల జాబితాలో ఉన్నవారు సుమారు 55,000. జాబితాలో ఒక్కడే కనబడినంత మాత్రమున పట్టణములో ఒక్కడే అని ఎట్లు చెప్పగలము? జాబితాకెక్కని మరియొకడు అదే తేదిన పుట్టి అదే వీధిలో ఉండవచ్చును గదా! వెల్డ్ 1996 మే నెలలో ఒక స్నాతకోత్సవ సభలో స్పృహతప్పి ఆస్పత్రిలో చేరిన సంగతి లోకమునకు తెలిసినదే కనుక ఆయన విషయమున సందేహము తీరినది. సామాన్యుని విషయమున అట్టి సాక్ష్యము దొరకదు.

ఈ అంకెను మన దేశమునకు తెచ్చి అతికించువారు కలరు. మన పిన్ కోడులు సుమారు 19,000. జనాభా 140 కోట్లకు పైబడినది. సగటున ఒక పిన్ కోడునకు 73,000 మందికి పైగా. ఎనుబది సంవత్సరములకు గదులు 58,400. అందరును సమముగా సర్దుకొన్నారనుకొన్నను ఒంటరివారు నూటికి 28 మంది మాత్రమే అగుదురు. పైగా మనవారు గదులలో సమముగా లేరు. బడిలో చేర్చుకొను నాడు తల్లిదండ్రులకు తేది గుర్తులేనిచో జూన్ ఒకటో, జూలై ఒకటో వేసి రిజిష్టరు పూర్తిచేసిన ప్రధానోపాధ్యాయులు ఎందరో! వారు తెలియకయే ఎన్నో వేలమందిని ఒకే గదిలో దాచిరి. అయితే ఇది నిశ్చింతకు కారణము కాదు. ఫోను నంబరు, ఆధార్ సంఖ్య ప్రతి దరఖాస్తులోను వ్రాయు దేశములో పుట్టినతేదితో వెదకవలసిన అవసరమెవ్వరికి?

గుర్తింపు కష్టము చేయుటకు స్వీనీ, ఇటలీ పరిశోధకురాలు పియెరాంజెలా సమరాతి ఒక ఉపాయము చెప్పిరి. ప్రతి మనిషియు కనీసము మరి నలుగురితో సమానముగా కనబడునట్లు వివరములను మోటుచేయవలెను. ఐదుగురును ఒకే రోగము గలవారైనచో? ఎవడు ఎవడో తెలియకున్నను రోగము తెలిసిపోవును. 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయపు బృందము ఈ లోపమును చూపినది. వ్యాసకర్తలలో మొదటిపేరు అశ్విన్ మాచనవజ్ఝల. ఆ ఇంటిపేరు వద్ద తెలుగు పాఠకుడు ఒక క్షణము ఆగక మానడు.

నాకు ఎక్కువ నచ్చినది వేరొక దారి. స్టాన్లీ వార్నర్ 1965లో చూపిన పద్ధతికి సులభమైన రూపము ఇది. పరీక్షలో చూచివ్రాసితివా అని నూరుగురు విద్యార్థులను అడుగవలెను. ప్రతివాడును చాటుగా నాణెము ఎగురవేయును. బొమ్మ పడినచో నిజము చెప్పవలెను. బొరుసు పడినచో మరల ఎగురవేసి, బొమ్మకు అవుననియు బొరుసునకు కాదనియు చెప్పవలెను. నలుబదిమంది అవునన్నారనుకొనుడు. అందులో ఇరువదియైదు నాణెము చెప్పించినవి. మిగిలిన పదునైదు, నిజము చెప్పిన ఏబదిమందిలోనివి. కనుక చూచివ్రాసినవారు నూటికి 30. అవునన్న ఏ విద్యార్థినిగాని ఉపాధ్యాయుడు దండింపలేడు. కాని ఆ 30లో పది అటునిటు తేడా సహజము. రహస్యమునకు వెలగా కచ్చితత్వమును చెల్లించితిమి.

సింథియా డ్వర్క్, ఆమె సహచరులు 2006లో ఈ భావమునకు గట్టి గణితరూపము నిచ్చిరి. అమెరికా ప్రభుత్వము 2020 జనాభా లెక్కలను ఆ పద్ధతిలో ప్రకటించినది. రాష్ట్రముల మొత్తములు మార్పులేక ఉంచబడినవి. చిన్న చిన్న ప్రాంతముల అంకెలలో మాత్రము కావలెనని కొంత తప్పు కలుపబడినది. లక్షలమంది నగరమునకు పదిమంది తేడా లెక్కలోనిది కాదు. డెబ్బదిమంది పల్లెకు అది బడి, రోడ్డు, నిధుల మాట. అలబామా రాష్ట్రము 2021లో కోర్టుకు కూడ వెళ్లినది.

ఎంత తప్పు కలుపవలెను అను దానిని నిర్ణయించు ఒక సంఖ్య ఆ గణితములో కలదు. దానిని తగ్గించినచో రహస్యము పెరుగును, అంకెలు చెడును. దాని విలువ ఎంత ఉండవలెనో సిద్ధాంతము చెప్పదు. అది సామాజిక ప్రశ్న అని డ్వర్క్ 2008లో వ్రాసిన వ్యాసమున తానే అంగీకరించి అంతటితో విడిచిపెట్టెను. గణితజ్ఞురాలిగా ఆమె చేసినది సరియే. కాని ఆ సంఖ్యను కార్యాలయములో కూర్చున్న నిపుణులు నిర్ణయించినప్పుడు, ఆ డెబ్బదిమంది పల్లెవారిని అడిగినవారెవ్వరో ఈ పరిశోధన పత్రములలో నాకు కనబడలేదు.