మజిలీకో వింత, వింతకో ప్రశ్న

తెలుగు పాఠకులు తరతరాలుగా విడవకుండా చదువుతున్న అద్భుత సాహస కథాగ్రంథాలను లెక్కించేటప్పుడు ముందు వరుసలో నిలిచేది మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు. రాజమహేంద్రవరానికి చెందిన ఈ పండితకవి 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో 12 భాగాలుగా సంతరించిన ఈ గ్రంథంలో ఒకే నాయకుడు గానీ ఒకే ఇతివృత్తం గానీ లేనందున లక్షణజ్ఞులు దీనిని నవల అనడానికి సందేహిస్తారు. అయితే పుస్తకం మూయనీయకుండా పాఠకుణ్ణి వెంట తిప్పుకోవడం నవల చేయవలసిన పనే అయితే, ఆ పనిని ఇది చాలా నవలల కంటే ముందే, చాలా నవలల కంటే బాగా చేసింది. మాంత్రికులు, బిలద్వారాలు, రూపం మార్చే మూలికలు, శాపగ్రస్తులైన గంధర్వులు ఉన్నందువల్లనే దీనికి ఇంత ఆదరణ అని సాధారణంగా చెబుతారు గానీ, ఆ సామగ్రి అంతా అంతకుముందు కావ్యాలలోనూ పామరుల నోళ్లలోనూ పుష్కలంగా ఉన్నదే. గ్రంథం బలం ఆ వింతలలో కంటే వాటిని రాబట్టే ఒడంబడికలో ఉంది.

ఆ ఒడంబడిక ఇది. కాశీకి కాలినడకన బయలుదేరిన మణిసిద్ధుడనే యతికి దారిలో తోడు కావలసివస్తుంది. వెంట రావడానికి ఒప్పుకున్న పశువుల కాపరి, గోపకుమారుడు, కూలి అడగడు, పుణ్యం అడగడు. దారిలో తాను చూసిన వింత ఏదైనా సరే, దాని వృత్తాంతం చెప్పాలనీ, చెప్పకపోతే అక్కడి నుంచే వెనుదిరుగుతాననీ షరతు పెడతాడు. యతి వద్ద గుప్తవృత్తాంతాలను తెలిపే మహిమగల మణి ఉంది కనుక ఆయన సరేనంటాడు. బాటసారులు ఒక పూట ఆగి, స్నానపానాలు, వంటావార్పూ ముగించుకుని అలసట తీర్చుకునే చోటును మజిలీ అంటారు. యతి తన అనుష్ఠానంలో ఉండగా గోపుడు ఊరు తిరిగి ఏదో ఒక విడ్డూరం చూసి రావడం, భోజనమయ్యాక దాని కథేమిటని నిలదీయడం, యతి చెప్పడం, మర్నాడు పై మజిలీకి సాగడం ఈ గ్రంథపు నడక. శాస్త్రాలు చదివినవాడు, పశువులు కాచుకునేవాడు అడిగితే తప్ప నోరు విప్పలేని స్థితి ఇది. గురువు తనకు తోచింది చెప్పగా శిష్యుడు తల ఊపే పద్ధతిని తలకిందులు చేసి, శ్రోతకు కథ మీద హక్కు కల్పించిన తీరులోనే పాఠకుల ప్రేమకు మూలం వెతకాలి. పాఠకుడు తనను యతితో పోల్చుకోడు, గోపుడితో పోల్చుకుంటాడు.

మజిలీ అనేది సుబ్బన్న దీక్షితులు ఊహించిన కొలమానం కాదు. రైలు రాకముందు కాశీయాత్ర అంతా మజిలీల లెక్కే, ఆ లెక్కలో ఒక భాగం పాలమూరు నేల మీదుగా కూడా సాగింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో బయలుదేరి శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, నేటి నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల పల్లెల మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుంచి ఉత్తరానికి సాగాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఏ ఊరిలో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటు దొరుకుతుంది, కొల్లాపురం, వనపర్తి సంస్థానాధీశుల కలహాలలో పల్లెలు ఎలా నలిగిపోతున్నాయి అన్న విషయాలను ఆయన మజిలీ వెంట మజిలీగా రాసుకున్నాడు. కళ్లకు కనబడ్డదానిని కనబడ్డట్టు నమోదు చేయడం ఆయన పని. కనబడ్డదాని వెనుక ఏముందని అడగడం గోపుడి పని. ఒకే దారిని ఒకే కొలతతో కొలిచిన ఈ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం సాహిత్య విద్యార్థులకు మంచి అభ్యాసం, ఆ పని ఇంకా జరగవలసినంతగా జరగలేదు.

నడిచి మొక్కు తీర్చుకునే అలవాటు ఈ ప్రాంతంలో చదువుకున్న జ్ఞాపకం మాత్రమే కాదు. దక్షిణకాశిగా పేరున్న అలంపురం శ్రీశైలానికి పశ్చిమద్వారం, అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం ఉత్తరద్వారం. చైత్ర పౌర్ణమికి నల్లమల లోతట్టులోని సలేశ్వరం లోయకు రాళ్లూ రప్పలూ దాటుకుంటూ జనం ఇప్పటికీ నడిచే వెళతారు. ఆగిన చోట కథ పుట్టడం, కథ కోసమే మరి కొంత దూరం నడవడం అటువంటి జనానికి విడమరచి చెప్పవలసిన సంగతులు కావు.

ఇక నిర్మాణంలోని పనితనం. గోపుడు చూసేది ఎప్పుడూ ఫలితాన్నే, కారణం యతి నోట తరువాత వస్తుంది. పాడుబడిన గుడి గోడ మీద అర్థం కాని శాసనమో, మనిషిలా కన్నీరు కార్చే జంతువో ముందు కనబడుతుంది. కథ అక్కడి నుంచి వెనక్కు, అంటే ఆ స్థితి దాపురించడానికి ముందున్న రాజ్యానికీ, ప్రణయానికీ, శాపానికీ ప్రయాణిస్తుంది. ఏం జరుగుతుందోనన్న కుతూహలం కథ ముగియగానే తీరిపోతుంది గానీ, ఎందుకు ఇలా జరిగిందన్న కుతూహలం ప్రతి మెట్టులోనూ కొత్త ప్రశ్నను కంటుంది. కథలో కథ, అంటే ఒక పాత్ర తన వృత్తాంతం చెబుతూ అందులో మరొకరి వృత్తాంతాన్ని ఎత్తుకోవడం, ఈ వెనుకనడకకు సహజంగా అమరిన సాధనం. ఒక్కొక్కచోట ఈ పొరలు ఎంత దట్టమవుతాయంటే అసలు ఎవరు ఎవరికి చెబుతున్నారో పాఠకుడు మరచిపోతాడు. సరిగ్గా అప్పుడే గోపుడు మధ్యలో సందేహం అడిగి అతణ్ణి మళ్లీ మజిలీలో కూర్చోబెడతాడు.

ఈ పొరల కథనానికి వంశవృక్షం చాలా పాతది. గుణాఢ్యుడు పైశాచీ భాషలో రచించాడని చెప్పే బృహత్కథ నేడు దొరకకపోయినా, దాని సారం 11వ శతాబ్దిలో సోమదేవుడి కథాసరిత్సాగరంగా నిలిచింది. తెలుగులో 13వ శతాబ్దిలో కేతన దశకుమార చరిత్రను తెచ్చాడు. 15వ శతాబ్దిలో తెలంగాణ కవి కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికను పద్యకావ్యంగా రచించాడు. విక్రమార్కుడి సింహాసనం మెట్ల మీది 32 బొమ్మలు భోజుణ్ణి ఎక్కనీయకుండా ఒక్కొక్క కథ చెప్పే ఆ కావ్యంలో శ్రోత భోజుడు అడ్డగింపబడినవాడే తప్ప అడిగేవాడు కాడు. ఈ కథాకావ్యాలను పుక్కిటి పురాణాలని పండితులు తేలికచేసిన రోజులలో వాటి విలువను వేరే కోణం నుంచి గుర్తించినవాడు పాలమూరు గడ్డకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి. అలంపురం ప్రాంతపు ఇటిక్యాలపాడు వాస్తవ్యుడు, 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆయన, తన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల వంశావళుల కంటే గోపరాజు వంటి కవుల కథలలో దొరికే వేషభాషలకూ, ఆటపాటలకూ, వర్తకానికీ, నమ్మకాలకూ పెద్దపీట వేశాడు. ఆకాశంలో ఎగిరే కథలో కూడా నేల మీద మనుషులు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో రాయక తప్పదన్న సూక్ష్మం ఆయనకు తెలుసు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకిచ్చిన తొలి పురస్కారం ఈ గ్రంథానికే దక్కింది.

మాయకు నియమం ఉండటం ఈ సంప్రదాయంలో రెండవ ముఖ్యమైన మెళకువ. మంత్రం ఏదైనా చేయగలిగితే కథ అక్కడే చచ్చిపోతుంది. అందుకే గుటిక నోట్లో ఉన్నంతసేపే రూపం మారుతుంది, అంజనం ఫలానా వేళకే పనిచేస్తుంది, మాంత్రికుడి ప్రాణం అతని ఒంట్లో కాక బాలనాగమ్మ కథలోలాగా దూరాన ఉన్న చిలుకలో ఉంటుంది. శక్తికి ఉన్న ఆ లోపమే సామాన్యుడికి ప్రవేశద్వారం. దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ నమస్కారపు యుక్తి. బలి ఇవ్వడానికి తెచ్చిన యువకుణ్ణి దేవికి సాష్టాంగపడమని మాంత్రికుడు ఆజ్ఞాపిస్తే, ఎలాగో తెలియదు, చేసి చూపించమని యువకుడు వినయంగా అడిగి, వంగిన తలను తానే నరుకుతాడు. భేతాళ కథలలో విక్రమార్కుడికి ఉపదేశంగా ఉన్న ఈ ఉపాయం కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటరాముడి చేతికి చేరింది. కాశీమజిలీ కథల నుంచీ అల్లావుద్దీన్ కథ నుంచీ ప్రేరణ పొందిన ఆ చిత్రంలో ఉపాయం అదే ఉన్నా, చేసేవాడు రాజు కాక తోటమాలి కొడుకు కావడంతో చప్పట్లకు కారణమే మారిపోయింది.

గ్రంథానికి లోపాలు లేకపోలేదు. స్త్రీ పాత్రలలో చాలామంది గెలుచుకునే బహుమతులుగా మిగిలిపోవడం, ఒకే అచ్చులో పోసినట్టున్న రాజకుమారులు వరుసగా రావడం, భోజ కాళిదాసుల చమత్కారాలను, శంకరాచార్యుల చరిత్రను కూడా అదే దారంలో గుచ్చడంలో అతుకు కనబడటం నేటి పాఠకుణ్ణి ఇబ్బంది పెడతాయి. గ్రాంథిక వచనపు దీర్ఘసమాసాల మీద పడే నింద మాత్రం అన్యాయం. బిగ్గరగా చదివితే, పది నిమిషాలలో చెవికి అలవాటుపడే వాక్యాలవి, నలుగురిలో ఒకరు చదువుతుంటే తక్కినవారు వినే రోజులకు తగ్గ వాక్యాలు.

పాతాళభైరవి తీసిన విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో ప్రారంభించిన చందమామ ఈ సంప్రదాయాన్ని పిల్లల చేతికి అందించింది. ఆ పత్రికలో తోకచుక్క మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలలో యతి లేడు, గోపుడు లేడు, చెప్పేవాడు తెరవెనుకకు తప్పుకున్నాడు. గోపుడి స్థానంలో నెల గడువు వచ్చింది. ప్రమాదం అంచున కథ ఆగిన చోటే మజిలీ, చిత్రా గీసిన బొమ్మలే గోపుడు చూసిన వింతలు, మళ్లీ సంచిక వచ్చేదాకా ప్రశ్న మొత్తం పాఠకుడి నెత్తిమీదే. అదే పత్రిక పుటలలో చాలా ఏళ్లు సాగిన భేతాళ కథలు మాత్రం ప్రశ్నను బాహాటంగా నిలుపుకొన్నాయి, కానీ దిశ మార్చాయి. అక్కడ అడిగేవాడు కథ చెప్పే భేతాళుడు, జవాబు చెప్పవలసినవాడు విన్న విక్రమార్కుడు, తెలిసి చెప్పకపోతే తల వేయి వక్కలు. గోపుడికి ఆ భయం లేదు. జవాబు రాకపోతే అతను చేయగలిగింది ఇంటిదారి పట్టడమే, ఆ బెదిరింపు ఒక్కటే యతిని కాశీదాకా మాట్లాడించింది.