వంట పుస్తకములలో లోపించిన ‘ఎందుకు?’

కూరగాయల వంటను బోధించు పుస్తకములు పెక్కు కొలతలను, క్రమమును చక్కగా తెలుపును. కారణమును మాత్రము తెలుపవు. ఈ లోపము చిన్నది కాదు.

‘ముక్కలు ఉడికిన పిమ్మటనే చింతపండు రసము పోయవలెను’ అని ఆనపకాయ పులుసుకు ఒక విధి. ఇది సరియైనదే. కణకవచములలోని పెక్టిన్ వేడినీటిలో కరగుటచే ముక్క మెత్తబడును; ఆమ్లము ఆ కరగుటను మందగింపజేయును.

‘ఆకుకూర పచ్చదనము చెడకుండ చిటికెడు వంటసోడా వేయవలెను’ అని మరియొక విధి. ఉడుకుచున్న ఆకునుండి వెలువడు ఆమ్లము పత్రహరితములోని మెగ్నీషియమును తొలగించుటచే రంగు చెడును. సోడా ఆ ఆమ్లమును తటస్థపరచును గనుక పచ్చదనము నిలుచును. కాని ఆ క్షారమే ఆకును జావగా మార్చి, థయమిన్‌ను, విటమిన్ ‘సి’ని నశింపజేయును. మూత లేకుండ కొద్ది నిమిషములు మాత్రమే ఉడికించినచో, ఆమ్లము కొంత ఆవిరితో వెడలిపోవును, సోడాతో పనియుండదు.

కారణము తెలియని పాఠకుడు ఈ రెండు విధులను సమానముగ నమ్మును, మంచిచెడ్డలు ఎంచజాలడు. వంటకు కారణములు వివరింపవచ్చునని హెరాల్డ్ మెగీ 1984లో ప్రచురించిన ‘ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్’ అను ఇంగ్లీషు గ్రంథము చూపినది. తెలుగు వంట పుస్తకములును ప్రతి విధికి ఒక్క వాక్యమైనను కారణము చేర్చినచో, వంటయిల్లు రసాయనశాస్త్ర పాఠమునకు తోడగును.