రంగుల అట్టలో మన గడి ఏది?

ఈ పేజీల్లో మామూలుగా పుస్తకాల గురించి రాస్తుంటాం. ఈసారి ఒక అట్టముక్క గురించి రాస్తున్నాం. బర్కత్‌పుర చమన్ నుంచి నారాయణగూడ వైపు నడుస్తుంటే దారి పొడుగునా బ్యూటీ పార్లర్లు తగులుతాయి. ఏ పార్లర్‌లోకి వెళ్ళినా ఈ అట్ట ఉంటుంది. తెరిస్తే వరసగా చిన్నచిన్న జుట్టు కుచ్చులు, ఒక్కో కుచ్చు కింద ఒక అంకె, ఒక పేరు. షేడ్ కార్డ్ అంటారు. దాన్ని చూపిస్తూ చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. అవే మాటలు పత్రికల మహిళా పేజీల్లో 'మీ మేనిఛాయకు నప్పే జుట్టు రంగు' అన్న ధోరణిలో వస్తుంటాయి. ఆ అట్టా ఈ మాటలూ కలిస్తే ఒక పాఠ్యం. దాన్ని పాఠ్యంగానే చదవాలని మా ప్రయత్నం.

కారంచేడు, చుండూరుల మీద రాయాల్సిన చోట ఈ పార్లర్ గొడవేమిటని అడిగే మిత్రులుంటారు. వాళ్ళకు ఒక్క మాట గుర్తు చేస్తాం. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు బలవంతంగా గుండు గీయడం, మీసాలు తీసేయడం, ముఖానికో ఒంటికో రంగు పూయడం నేరాలని విడిగా పేర్కొనాల్సి వచ్చింది. 2020 జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడికి గుండు గీయించారు. మన జుట్టు మీదా మన రంగు మీదా కులం చెయ్యి వేస్తూనే ఉంది. కాబట్టి జుట్టూ రంగూ చిన్న విషయాలని మనకు మనం చెప్పుకోవడం కుదరదు.

అసలు విషయానికి వద్దాం. మా మిత్రురాలొకామె పరిశోధక విద్యార్థి. తల్లిదండ్రులు నల్గొండ జిల్లాలో కూలి పనులకు పోతారు. ఆగిపోయిన ఫెలోషిప్ డబ్బులు ఒకేసారి పడ్డ నెలలో జుట్టుకు రంగు వేయించుకుందామని బుద్ధి పుట్టింది. మమ్మల్నీ తోడు రమ్మంది. పార్లర్‌లో కుర్చీ వేసి, మెడ చుట్టూ బట్ట కప్పి, అట్ట చేతిలో పెట్టారు. ఆమె వేలు బంగారు రంగు కుచ్చు మీద ఆగింది. పక్కన నిలబడ్డ అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "మీ కలర్‌కి గోల్డెన్ సెట్ కాదు మేడం, ఇంకా నల్లగ కనపడ్తరు. బర్గండీ తీసుకోండి, ఫేస్ కొంచెం ఫెయిర్‌గ కొడ్తది."

చెప్పిన ఆ అమ్మాయి రంగు కూడా మా మిత్రురాలి రంగే.

ఈ వాక్యాన్ని కొంచెం విడదీసి చూడాలి. 'నప్పడం' అంటే ఏమిటి? ముఖమూ జుట్టూ ఒకదానికొకటి అందంగా కుదరడమని మనం అనుకుంటాం. సలహాలో ఆ అర్థం లేదు. అందులో నప్పడం అంటే తెల్లగా కనిపించడం, నప్పకపోవడం అంటే నల్లగా కనిపించడం. అంటే రంగు జుట్టుకు వేస్తున్నా వైద్యం మాత్రం చర్మానికి చేస్తున్నారు. తెల్లటి పిల్లకు 'ఏదైనా బాగుంటది' అంటారు. చామనఛాయకు నాలుగైదు కుచ్చులు మిగులుస్తారు. నల్లటి పిల్లకు ఒకటో రెండో చూపించి అట్ట మూసేస్తారు. రంగు తగ్గేకొద్దీ ఎంపిక పెరుగుతుంది. ఇది సౌందర్యశాస్త్రమా, మెట్ల వ్యవస్థా?

ఆ సలహాలో పనికొచ్చే ముక్క అసలే లేదని మేం అనం. చర్మం ఎంత ముదురుగా ఉందన్నది ఒకటి, దాని లోపలి ఛాయ పసుపు వైపా, ఎరుపు వైపా, నీలం వైపా అన్నది మరొకటి. రెండోదాన్ని అండర్‌టోన్ అంటారు. ఒకే నలుపులో ఎన్నో లోఛాయలుంటాయి. రంగులు వేసేవాళ్ళకూ, నేతగాళ్ళకూ, చీరలు ఎంచుకునే మన అమ్మలకూ ఇది తెలిసిన సంగతే. అయితే ఆ లోఛాయ కనుక్కోవడానికి చెప్పే పరీక్షలు చూడండి. మణికట్టు దగ్గర నరాలు ఆకుపచ్చగా ఉన్నాయో నీలంగా ఉన్నాయో చూసుకోమంటారు. ముదురు చర్మంలో అవి సరిగా కనబడవు. బంగారం నప్పుతుందో వెండి నప్పుతుందో పెట్టుకు చూడమంటారు. వెండి పట్టీలు కూడా కుదవలోనే ఉండే ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఏ నగ పెట్టుకుని పరీక్ష చేసుకోవాలి? పరీక్ష రాసినవాడి మనసులో మనం లేమని అక్కడే తెలిసిపోతుంది.

ఈ గళ్ళు ఇప్పుడు పుట్టినవి కావు. 1980లో అమెరికాలో కరోల్ జాక్సన్ 'కలర్ మీ బ్యూటిఫుల్' అనే పుస్తకం రాసింది. మనుషుల్ని వాళ్ళ ఛాయల్ని బట్టి నాలుగు రుతువులుగా విడగొట్టి, ఎవరికే రంగులు నప్పుతాయో చెప్పిన పుస్తకం. ఆ లెక్కలో ఆఫ్రికా, ఆసియా ప్రజల్లో అత్యధికులు ఒక్క శీతాకాలంలోకే పోతారు. తెల్లవాళ్ళకు నాలుగు రుతువులు, మిగతా లోకానికి ఒక్క చలికాలం! చర్మవైద్యంలో వాడే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం చరిత్రా అంతే. ఎండకు ఎంత కమిలిపోతుందన్న దాన్ని బట్టి 1975లో తెల్ల చర్మానికి నాలుగు రకాలు పెట్టారు. గోధుమ రంగువాళ్ళకూ నల్లవాళ్ళకూ కలిపి రెండు గళ్ళు తర్వాత చేర్చారు.

ఇంకా వెనక్కి పోతే కథ భయంకరంగా ఉంటుంది. యూజెన్ ఫిషర్ అనే జర్మన్ మానవశాస్త్రజ్ఞుడు 1907 ప్రాంతంలో ఒక చిన్న పెట్టె తయారుచేశాడు. అందులో 30 రకాల జుట్టు కుచ్చులు, ఒక్కోదానికి ఒక అంకె. 1908లో, ఇవాళ నమీబియా అంటున్న జర్మన్ వలసలో, తెల్లవాళ్ళకూ స్థానికులకూ పుట్టిన సంతానాన్ని పరిశీలించి, వాళ్ళలో ఏ జాతి పాలు ఎంతో లెక్కగట్టే పనికి పూనుకున్నాడు. అప్పటికి అక్కడ హెరెరో, నామా ప్రజల మారణకాండ ముగిసి ఎంతో కాలం కాలేదు. ఇవాళ్టి కంపెనీ అట్ట ఆ పెట్టెలోంచే పుట్టిందని మేం అనడం లేదు. కానీ మనిషి తల పక్కన జుట్టు కుచ్చు పెట్టి, అంకె చూసి, నీ చోటు ఇదీ అని చెప్పే చెయ్యి మాత్రం ఒకేలా కదులుతుంది. మన దగ్గర 1901 జనాభా లెక్కలు నడిపిన రిస్లీ ముక్కు కొలతల్లో కులాల హెచ్చుతగ్గులు వెతికాడు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన థర్‌స్టన్ మన మనుషుల తలలూ ముక్కులూ కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు.

ఈ కొలతలకు జవాబు చెప్పినవాడు అంబేద్కర్. 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్'లో అవే ముక్కు కొలతలు తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివాళ్ళూ వేరు వేరు జాతులన్న వాదం నిలవదని చూపించాడు. బ్రాహ్మణుడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే అవ్వాలి. అంటరానితనం పుట్టింది రక్తంలో కాదు, సమాజంలో. ఇది మనకు రెండువైపులా పనికొచ్చే మాట. నలుపు అంటే దళితుడు, తెలుపు అంటే అగ్రకులం అని మనమే గీత గీసేస్తే రిస్లీ గీతను మళ్ళీ గీసినట్టే. మన వాడల్లో ఎర్రటివాళ్ళున్నారు, అగ్రహారాల్లో నల్లటివాళ్ళున్నారు. ఈ సంగతి ఊరికి బాగా తెలుసు. అందుకే నల్ల బాపణ్ణీ ఎర్ర మాలనూ నమ్మొద్దన్న సామెత పుట్టింది. కులం రంగులో లేకపోయినా రంగులో కులాన్ని వెతికే చూపు ఉంది. 'నువ్వు ఎస్సీలాగ కనబడవే' అన్న మెచ్చుకోలు హాస్టళ్ళలో ఎంతమందిమి విన్లేదు? పార్లర్ సలహా ఆ మెచ్చుకోలుకు అక్కచెల్లెలు.

మళ్ళీ మా మిత్రురాలి దగ్గరికొద్దాం. బంగారు రంగు వదిలేసింది, బర్గండీ కూడా తీసుకోలేదు. రెండింటికీ మధ్యన రాగి రంగు కుచ్చు చూపించి, అదే వేయమంది. వేశారు. బాగుంది. పండక్కి ఊరికి పోతే వాళ్ళమ్మ తలమీద చెయ్యేసి చూసి, "ఇదేంది బిడ్డా, పట్నంల తలకు నూనె కూడ దొరుకుతలేదా?" అందట.

ఆ తల్లి అమాయకత్వానికి నవ్వుకోవద్దు. ఆమె చదివింది అట్టను కాదు, వాడను. మన వాడల పిల్లలకు రాగి జుట్టు కొత్తగాదు. నూనె లేక, ఎండలో తిరిగి, కడుపు నిండక జుట్టు ఎర్రబారుతుంది. మాంసకృత్తులు చాలని తిండితో పిల్లలకొచ్చే క్వాషియార్కర్ జబ్బులో జుట్టు నలుపు పోయి రాగి రంగుకు తిరుగుతుందని వైద్యగ్రంథాల్లో ఉంది. 1933లో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో పనిచేస్తూ సిసిలీ విలియమ్స్ ఈ జబ్బును వర్ణించింది. మన తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. పిల్లల ఆకలి అక్కడ దశాబ్దాలుగా పరిశోధనాంశం. తిండి దొరికిన నెలల్లో పెరిగిన జుట్టు నల్లగా, దొరకని నెలల్లో పెరిగింది లేతగా, ఒకే వెంట్రుక మీద పట్టీలు పట్టీలుగా కనబడటాన్ని వైద్యులు 'జెండా గుర్తు' అంటారు. పార్లర్‌లో డబ్బిచ్చి వేయించుకునే లేత చారల పేరు హైలైట్స్!

బడిలో ఆ జుట్టునే చూసి 'నూనె మొకం చూడని తల' అని వెక్కిరించారు. అదే రంగు గొట్టంలో పెట్టి, ఇంగ్లీషు పేరు తగిలించి అమ్మితే ఫ్యాషనయింది. రంగు మారలేదు, అది ఎవరి తలమీద ఎందుకు వచ్చిందన్నది మారింది. అందంగా ఉండటమన్నది రంగులో లేదు, ఎంచుకునే హక్కులో ఉంది. ఆకలి ఎంచిన రాగి రంగు అవమానం, నేను ఎంచుకున్న రాగి రంగు సొగసు. మేం చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే.

ఇక్కడ ఉద్యమంలోని కొందరు అన్నలతో మాకు పేచీ ఉంది. బర్కత్‌పుర, అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి పోటీ పరీక్షలకు చదివే మన ఆడపిల్లలు జుట్టుకు రంగు వేసుకుంటే 'వినిమయ సంస్కృతిలో కొట్టుకుపోతున్నారు' అంటారు. అన్న తన మీసానికి రాసే నలుపు రంగు మాత్రం ఏ సంస్కృతిలోకీ రాదు. ఊళ్ళలో మన తల ముట్టుకోనివ్వలేదు. మంగలి పనివాళ్ళు మన జుట్టు కత్తిరిస్తే వాళ్ళ మీదా పెత్తందార్లు విరుచుకుపడ్డారు. సేవ నిరాకరించడం నేరమని 1955 చట్టంలోనే రాసినా, క్షవరం కోసం పక్క ఊరో పట్నమో నడిచిపోయిన పెద్దలు మన ఇళ్ళలోనే ఉన్నారు. అలాంటి తలను ఇవాళ ఒక కుర్చీలో వాల్చి, వెచ్చని నీళ్ళతో కడుగుతుంటే ఆ పిల్లకు కలిగే సంతోషం చిన్నది కాదు. దాన్ని కొనుక్కోవాల్సి రావడం మీద విమర్శ ఉండొచ్చు గానీ, ఆ సంతోషం మీద ఎగతాళి ఉండకూడదు.

విమర్శ గుడ్డిగా పొగడకూడదు కూడా. అట్ట చెప్పని సంగతులు కొన్ని చెప్పాలి. దానిమీది అంకెల్లో 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత. చుక్క తర్వాతి అంకె అందులో కలిసిన ఛాయను చెబుతుంది. మన జుట్టు చాలావరకు మొదటి రెండు మూడు అంకెల్లోనే ఉంటుంది. అట్టలోని తేనె రంగు, బంగారు రంగు రావాలంటే ముందు బ్లీచ్ చేసి ఉన్న నలుపును తీయాలి. దానికి జుట్టు పెళుసుబారుతుంది, మళ్ళీ మళ్ళీ ఖర్చవుతుంది. ముదురు ఎరుపులు, రాగి, చాక్లెట్ అంత పని లేకుండా పట్టి ఎండలో మెరుస్తాయి. మనకు బర్గండీ చూపించడంలో నిజమైన సబబు ఇదీ. తెల్లగా కనిపించడంతో దానికి సంబంధం లేదు. ఆ సబబే చెబితే సరిపోయేది. కుచ్చును ట్యూబ్‌లైటు కింద కాదు, బయటి వెలుతుర్లో ముఖం పక్కన పెట్టుకుని చూడాలి.

నలుపు, ముదురు రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. నెత్తి దురద, ముఖం వాపు వస్తాయి. 'నల్ల గోరింటాకు' పేరుతో అమ్మేవాటిలోనూ ఇది ఉండొచ్చు. రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకోవాలి. హెచ్చరిక ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషలోనూ ఉండాలని 1945 నాటి నిబంధనలే చెప్పాయి. మేం వెళ్ళిన చోట ఆ పరీక్ష మాటే రాలేదు. రోజూ ఆ రంగు కలిపే అమ్మాయిల చేతులకు తొడుగులు లేవు. కస్టమర్‌కు ఒకసారి తగిలే మందు వాళ్ళ వేళ్ళకు రోజూ తగులుతుంది. ఈ పనిచేసేవాళ్ళకు చేతులు పగిలి చర్మవ్యాధులు రావడం తెలిసిన విషయమే. 'మీ కలర్‌కి సెట్ కాదు' అన్న వాక్యాన్ని ఆమె సొంతంగా అనలేదు. నేర్పిస్తే అన్నది. అద్దం ముందు రోజంతా నిలబడి తన రంగును తానే రోజుకు పదిసార్లు తగ్గించి మాట్లాడాల్సిన ఉద్యోగం అది. మా కోపం ఆమె మీద కాదు.

1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. నలుపును తక్కువచేసి చూపే ప్రకటనలు కూడదని 2014లో ప్రకటనల మండలి నియమం పెట్టుకుంది. పేర్లు మారడం మంచిదే. కానీ కుర్చీ పక్కన నిలబడి చెప్పే మాటకు ఏ మండలి నియమమూ అందదు. దాన్ని మార్చాల్సింది కుర్చీలో కూర్చున్నవాళ్ళు. 'నా రంగుకు ఏది నప్పుతుంది' అని అడిగిన క్షణంలోనే మన రంగును వాళ్ళ తీర్పుకు అప్పజెప్పినట్టు. అట్ట మన చేతికిచ్చినప్పుడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ రంగు నా జుట్టుకు పడుతుందా? ఎన్నాళ్ళుంటుంది? ఎంతవుతుంది? ఇందులో ఏ మందుంది? నల్లగా కనపడ్తరు మేడం అంటే, కనపడనియ్యి, నల్లగానే ఉన్న గదా అని చెప్పాలి. ఆ మాట విని పక్కన నిలబడ్డ అమ్మాయి కూడా ఒకసారి అద్దంలో తనను తాను చూసుకుంటే, అంతకంటే మాకు కావలసింది లేదు.