రెండు బొట్లు, రెండు రంగులు

అమ్మమ్మ పోయిన నెలకి అమ్మ నా చేతిలో చిన్న గుడ్డమూట పెట్టింది. విప్పితే అమ్మమ్మ తాళిబొట్లు. తాడు ఎప్పుడో పోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి పచ్చగా, ఒకటి కాస్త ఎర్రగా ఉన్నాయి. చిన్నప్పుడు ఆమె ఒళ్లో పడుకుని వాటితో ఎంత ఆడుకున్నానో! ఆ తేడా ఏనాడూ గమనించలేదు.

తెనాలిలో మాకు తెలిసిన ఆచారిగారికి చూపించాను. గీటురాయి మీద రెండూ గీసి చూసి, "అమ్మమ్మగారి పెళ్లి అరవై మూడులోనా తల్లీ?" అని అడిగారు. నిజమే, 1963 వేసవిలో. ఆ జనవరిలోనే, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా, 14 కారెట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదని ఉత్తర్వులొచ్చాయి. అంటే 24 పాళ్లలో 14 పాళ్లే బంగారం, మిగతాది రాగి, వెండి. దేశమంతటా కంసాలుల కుంపట్లు చల్లారాయి. పనిలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. మెట్టింటివారు తమ బొట్టు అంతకుముందే చేయించి ఉంచారట. పుట్టింటి బొట్టు దగ్గరికొచ్చేసరికి ఊళ్లో కంసాలి భయపడి 14 కారెట్లకే చేసిచ్చాడు. ఎర్రది అదే.

బొట్లకు బంగారం ఇవ్వడానికీ ముహూర్తం చూసేవాళ్లు. కంసాలికి తాంబూలమిచ్చి, ఆయన ముందే కూర్చునేవాళ్లు. గురివింద గింజలతో తూకం, తులానికి 96 గింజలు. మూసలో బంగారం వేసి, వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో నిప్పు రాజేసి కరిగించడం, దాగలి మీద రేకు సాగగొట్టడం, అచ్చులో ఒత్తడం, పైన తాడు పోయే గొట్టానికి టంకం పెట్టడం. కంసాలిని దొంగ అనే సామెతలు మనకు బోలెడున్నాయి. అవి నాకు నచ్చవు. ఇంటి ఆడపిల్ల మెడలోకి వెళ్లే వస్తువును తరతరాలుగా ఆ చేతుల్లోనే పెట్టాం మరి.

ఆచారిగారు ఇంకో మాట చెప్పారు. పచ్చని బొట్టు మీద చెక్కిన గీతలు దాదాపు పోయాయి. ఎర్రదాని మీద ఇంకా తెలుస్తున్నాయి. "రాగి పాలు ఎక్కువమ్మా, గట్టిది. అందుకే అరగలేదు" అన్నారు. మెట్టింటి బంగారం రోజూ కాస్త కాస్త ఆమె జాకెట్లకీ, పసుపుకీ, మనవల వేళ్లకీ అరిగిపోయింది. పుట్టింటిది నిలబడింది. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇవాళ దుకాణంలో బొట్లు హాల్‌మార్కుతో దొరుకుతున్నాయి. మోసపోయే భయం తగ్గింది, మంచిదే. ఈ బొట్ల సంగతీ ఒక దుకాణంలో అడిగితే కరిగించి కొత్తవి తీసుకోమన్నారు. ఒప్పుకోలేదు.

కానీ నన్ను తొలిచే సంగతి కరిగించడం కాదు. తాతయ్య పోయిన పదోరోజున ఈ రెండు బొట్లనూ అమ్మమ్మ మెడలోంచి తీసేశారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె అడ్డు చెప్పలేదు. ఎవరూ ఆమెను అడగనూ లేదు. పచ్చనిది మెట్టింటిది, ఆ ఇంటి ఆచారమన్నారు. మరి ఎర్రది? దాన్ని ఇచ్చింది ఆమె తల్లీతండ్రీ కదా. అల్లుడు పోతే వాళ్లిచ్చింది ఎందుకు తీయాలి? ఆమె బతికిన తర్వాతి పదకొండేళ్లూ అవి బీరువాలోనే ఉన్నాయి. అది అన్యాయం. ఆచారం అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు.

ఆచారిగారు ఎర్ర బొట్టుకు గొట్టం సరిచేసి, కుంకుడు రసంతో కడిగిచ్చారు. మజూరీ పుచ్చుకోలేదు. నాన్న పోయి నాలుగేళ్లయిన అమ్మ ఇప్పుడు దాన్ని సన్న గొలుసుకు వేసుకుని తిరుగుతోంది.

మీ ఇంట్లోనూ అలాంటి పదోరోజు వస్తే, ఆమె మెడ మీద ఎవరూ చెయ్యి వేయకముందే, మీరు పక్కన కూర్చుని ఆమెను అడగండి. ఉంచుకుంటానంటే ఉంచనివ్వండి.