అతుకుల బొంత: ఒక విమర్శ పదము

మన విమర్శకులు కావ్యమును మెచ్చునపుడు దాని అల్లికను మెచ్చుదురు. కథయు శైలియు పడుగుపేకలవలె కలిసినవందురు. మెచ్చనపుడు 'అతుకుల బొంత' యని తీసివేయుదురు. నేతకు గౌరవము, కుట్టునకు నింద. ఈ నింద బొంతను కుట్టి యెరిగినవారు చేసినది కాదని మా తలంపు.

నారాయణపేట మగ్గములకు పేరుపడిన ఊరు. గళ్లు, గోపురపు అంచు గల అచ్చటి చీర భౌగోళిక గుర్తింపును కూడ పొందినది. చీరను గూర్చి వ్రాయువారు సాధారణముగా అచ్చటనే ఆగుదురు. కాని కట్టి కట్టి మెత్తబడిన చీర పాలమూరు పల్లెలలో బొంతలోనికి చేరును. సరిహద్దున కావల రాయచూరు సీమలో దీనినే కౌది యందురు. 1956 వరకు ఈ రెండు సీమలును ఒక్క హైదరాబాదు రాష్ట్రములోనివే కదా.

బొంత కుట్టు తీరును చూతము. పాత చీరలను పొరలుగా పరచి, చినిగిన చోట మాసికలు వేసి, అంచు నుండి నడిమికి దగ్గర దగ్గరగా వరుసలు కుట్టుదురు. సూది ప్రతిసారియు అన్ని పొరలను దాటవలెను. దాటనిచో ఉతుకులో పొరలు విడివడును. పొలము పని లేని పగటివేళ ఇద్దరు ముగ్గురు స్త్రీలు తలకొక అంచున కూర్చుందురు. అత్త ఆరళ్లు, బిడ్డల జబ్బులు, వలసపోయినవారి కబుర్లు బొంత మీదుగా సాగును. గోడు వెళ్లబోసికొనుటకు వేరు చోటు లేని స్త్రీకి ఆ కూర్చుండుటయే ఊరట. కూలికై ఊరు విడిచిన కుటుంబపు మూటలోను బొంత యుండును. పరాయి ఊరిలో బిడ్డ అమ్మమ్మ చీరను కప్పుకొని నిద్రించును. ఇట్టిదానిని పొందిక లేనిదనుట యెట్లు?

హోమరు కావ్యములను పాడువారిని గ్రీకులు 'రాప్సోడు'లనిరి. పాటలను కుట్టువాడని ఆ మాటకు అర్థము. మన 'సూత్ర' శబ్దమునకును మొదటి అర్థము దారమే.

అతుకు కనబడుట దోషము కాదు. దారము అడుగుపొర దాక దిగినదా యని విమర్శకుడు అడుగవలెను. పలు కథలను చేర్చుకొని సాగు పల్లె యక్షగానమును ఈ ప్రశ్నతో పరీక్షించినచో, అతుకులని మనము తోసివేసిన ఘట్టములు కొన్ని నిలుచును, కొన్ని నిలువవు. నిలువనివానిని 'కుట్టు పడనివి' యనిన చాలును. బొంతను నిందింప పనిలేదు.

మాండలిక వృత్తిపదకోశపు చేనేత సంపుటము 1971లో వెలువడినది. మగ్గపు మాటలకు అట్లు రక్షణ కలిగినది. బొంతకుట్టు చాల ఇండ్లలో వృత్తి కాదు, ఆడువారి తీరిక వేళ పని. వృత్తుల వెంట పోవు సేకరణకు అది సులభముగా చిక్కదు. ఇప్పుడు అంగడి రగ్గులు వచ్చినవి, బొంత పరచు వాకిళ్లు తగ్గినవి. నారాయణపేటకు పోవు పరిశోధక విద్యార్థి మగ్గము కడనుండి లేచి, ఆ యింటి అవ్వ దగ్గర కూడ ఒక పూట కూర్చుండవలెను.