ఈల ఎక్కణ్ణుంచి దూరింది?

కారులో పాట మోగించడం ఎవరైనా చేస్తారు. ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కి, పాట ఆపి సౌండ్ పెంచినా స్పీకర్‌లోంచి ఈల రాకుండా చేసేవాడే నా లెక్కలో మొనగాడు. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి మేస్త్రీలు ఇంకా కొందరున్నారు.

వాళ్లు పానా పట్టేముందు చెవి పెడతారు. యాక్సిలరేటర్‌తో పాటు సన్నగా పైకి లేచే కూతైతే ఆల్టర్నేటర్‌ది. టిక్కుటిక్కుమంటే ఇగ్నిషన్‌ది, ప్లగ్గులూ వాటి వైర్లూ చూడాలి. ఇంజన్ ఆపినా బుస్సుమంటుంటే చాలాసార్లు ఆంప్‌లో గెయిన్ అతిగా తిప్పేసి ఉంటారు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టినప్పుడే వస్తే ఛార్జర్ మీదే అనుమానం.

తర్వాత ఆంప్ ఆపి, స్టీరియో సెట్ నుంచి ఆంప్‌కి పాట మోసే ఆర్‌సీఏ వైర్లు పీకి, మళ్లీ ఆన్ చేస్తారు. (ఆపకుండా పీకితే కొన్ని సెట్లలో లోపలి ఎర్త్ కాలిపోయి లేని రోగం పట్టుకుంటుంది. తొందరగాళ్లు చేసేది ఇదే.) ఈల పోతే తప్పు సెట్ వైపో ఆ వైర్లలోనో ఉంది. పోకపోతే ఆంప్ దగ్గరే.

ఎక్కువసార్లు తేలేది ఎర్తే. సెట్‌కి డ్యాష్‌బోర్డులో ఒక ఎర్త్, ఆంప్‌కి డిక్కీలో ఇంకొకటి. ఆ రెండు చోట్ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు, ఆర్‌సీఏ వైరు పైజాలీ గుండా కరెంటు పారి ఆల్టర్నేటర్ రొద పాటలో కలుస్తుంది. ఇతర షాపులు చేతులెత్తేసిన ఒక కారులో ఆటోనగర్ పెద్ద మేస్త్రీ ఒకాయన డిక్కీ కార్పెట్ లేపి చూస్తే ఎర్త్ బోల్టు పెయింటు మీదే బిగించి ఉంది! ఇనుము మెరిసేదాకా గీకి, జానెడు పొడవున్న మందపాటి వైరుతో బిగించాడు. ఈల మాయం. ఆయన బ్యాటరీ దగ్గర మీటరు ఏసీలో పెట్టి కూడా చూస్తాడు. ఇంజన్ నడుస్తుండగా 0.1 వోల్టు లోపుంటే సరే, అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ డయోడ్ మీద అనుమానం.

ఈ తంటా కొత్తదేం కాదు. 1930లో మోటరోలా కారు రేడియో తెచ్చినవాళ్లూ ఇగ్నిషన్ రొదతో కుస్తీ పట్టారు. ఆ పనిలో ఉన్న ఎల్మర్ వేవరింగే తర్వాత కార్ల ఆల్టర్నేటర్ తయారీలోనూ చెయ్యి వేశాడు. రోగమూ వైద్యుడూ ఒకే ఇంట్లోంచి వచ్చారన్నమాట.

ఇప్పుడేమో చాలా షాపుల్లో ఈల వినగానే ఆర్‌సీఏ వైర్ల మధ్య ఒక ఐసొలేటర్ డబ్బా తగిలించి పంపేస్తున్నారు. చవకరకం డబ్బా ఈలతో పాటు బేస్‌నీ మింగేస్తుంది, తప్పు మాత్రం లోపలే ఉంటుంది. ఇక రాగి అని అమ్మే వైర్ల కిట్ల సంగతి! బ్లేడుతో గీకితే లోపల తెల్లటి అల్యూమినియం. ఇది మోసం కాక మరేమిటి?

కస్టమర్లూ తక్కువేం కాదు. గంటసేపు వెతికి ఒక్క బోల్టు బిగిస్తే, "ఇంత చిన్న పనికి అంతా?" అంటారు. డబ్బా కొంటే మాత్రం బేరమాడకుండా ఇస్తారు. అయ్యా, డబ్బాకిచ్చే ఆ డబ్బు వెతికినవాడికివ్వండి. ఎర్త్ ఎక్కడ బిగించాడో కార్పెట్ ఎత్తి చూపించమని అడగండి, మంచి మేస్త్రీ సంబరంగా చూపిస్తాడు.